ఒకరి మాట మరొకరి నోట

"వాడు ఏమన్నాడు?" అనే చిన్న ప్రశ్నకు సరిగా జవాబు చెప్పడం ఎంత కష్టమో పాఠశాల విద్యార్థికి తెలుసు. న్యాయస్థానానికి అంతకంటె బాగా తెలుసు.

1952 నవంబరు 2, ఆదివారం రాత్రి. లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాయ్‌డన్ పట్టణంలో ఒక మిఠాయిల కంపెనీ గిడ్డంగి పైకప్పు మీదికి దొంగతనానికని ఇద్దరు కుర్రవాళ్ళు ఎక్కారు. ఒకడు క్రిస్టఫర్ క్రెయిగ్, వయస్సు పదహారు. రెండవవాడు డెరెక్ బెంట్లీ, వయస్సు పందొమ్మిది. బెంట్లీ మందబుద్ధి, చదవడం, రాయడం సరిగా రానివాడు. ఎవరో చూసి కబురు చేయగా పోలీసులు వచ్చారు. ఒక డిటెక్టివ్ పైకప్పు ఎక్కి బెంట్లీని పట్టుకున్నాడు. క్రెయిగ్ చేతిలో రివాల్వర్ ఉంది.

అప్పుడు బెంట్లీ ఒక మాట అన్నాడని ముగ్గురు పోలీసులు న్యాయస్థానంలో ప్రమాణం చేసి చెప్పారు. ఆ మాట: "లెట్ హిమ్ హావ్ ఇట్, క్రిస్." అలాంటి మాట ఏదీ పుట్టలేదని నిందితులిద్దరూ చెప్పారు.

ఆ వాక్యానికి ఇంగ్లీషులో రెండు అర్థాలున్నాయి. "అది అతనికి ఇచ్చెయ్యి" అని ఒకటి. అంటే, తుపాకిని పోలీసుకు అప్పగించమని. "వాడికి తగిలించు" అని రెండవది, అంటే, కాల్చమని. క్రెయిగ్ కాల్చాడు. మొదటి గుండు డిటెక్టివ్ భుజానికి తగిలింది. దాదాపు పావుగంట గడిచిన తర్వాత పైకప్పు మీదికి వచ్చిన సిడ్నీ మైల్స్ అనే కానిస్టేబుల్ క్రెయిగ్ కాల్పులలో మరణించాడు. ఆ సమయానికి బెంట్లీ పోలీసుల అదుపులోనే ఉన్నాడు. అతడు ఒక్క గుండయినా పేల్చలేదు.

క్రెయిగ్ మైనరు కనుక అతనికి ఉరిశిక్ష వేయడానికి చట్టం ఒప్పుకోలేదు. బెంట్లీని 1953 జనవరి 28న ఉరితీశారు.

అతన్ని ఉరికంబం ఎక్కించినవాటిలో రెండు కాగితాలున్నాయనవచ్చు. ఒకటి, అతడు అన్నాడని ఇతరులు చెప్పిన ఒక వాక్యం. రెండవది, అతడే చెప్పగా ఉన్నదున్నట్టు రాసుకున్నామని పోలీసులు సమర్పించిన వాంగ్మూలం. రెండింటిలోనూ ఉన్నది ఒకే సమస్య: ఒకరి మాట మరొకరి నోట, మరొకరి కలాన ఎలా వెలువడాలి? ఇంగ్లీషు వ్యాకరణంలో దీనికి పరోక్ష కథనమని పేరు. బడిలో "ఇన్‌డైరెక్ట్ స్పీచ్" అనే పేరు మీద అయిదు మార్కుల ప్రశ్నగా మనకు పరిచయమైనది ఇదే.

మూడు మార్పులు

1930ల నుంచి భారతీయ విద్యార్థుల చేతుల్లో నలుగుతున్న రెన్, మార్టిన్‌ల వ్యాకరణం మొదలు నిన్న మొన్నటి గైడ్ల వరకు ఈ పాఠాన్ని ఒకే తీరులో చెబుతాయి. కొటేషన్ గుర్తులు తొలగించండి. "దట్" చేర్చండి. సర్వనామాలు మార్చండి. క్రియను ఒక మెట్టు గతంలోకి దించండి. "టుడే" ఉంటే "దట్ డే" చేయండి. విద్యార్థి ఈ పట్టికను ఎక్కాల వలె వల్లెవేస్తాడు. ఎందుకు మార్చాలో మాత్రం చాలామందికి తెలియదు. కారణం తెలియని నియమం పరీక్ష గదిలో గుర్తుంటుంది. ఆఫీసులో ఉత్తరం రాసే వేళ మరచిపోతుంది.

కారణం నిజానికి చాలా సులువైనది. ప్రతి మాటకు ఒక మనిషి, ఒక చోటు, ఒక సమయం ఉంటాయి. "నేను", "ఇక్కడ", "ఇప్పుడు" అనే మూడు మేకుల మీద మాట నిలబడి ఉంటుంది. ఆ మాటను మరొకరు, మరొక చోట, మరొక సమయంలో తిరిగి చెప్పినప్పుడు ఆ మూడు మేకులనూ పెరికి, చెప్పేవాని కాళ్ళ దగ్గర మళ్ళీ పాతాలి. పరోక్ష కథనమంటే అంతే.

ఒక ఉదాహరణ. ఆఫీసు గుమాస్తా నిన్న ఫోనులో, "ఐ యామ్ అన్‌వెల్ టుడే" అన్నాడు. ఇవాళ హెడ్ గుమాస్తా ఆ మాటను అధికారికి చెప్పాలి. "ఐ" అన్నది "హి" అవుతుంది. లేకపోతే జబ్బు హెడ్ గుమాస్తాదవుతుంది. "టుడే" అన్నది "యెస్టర్‌డే" అవుతుంది. "యామ్" అన్నది "వాజ్" అవుతుంది. "హి సెడ్ దట్ హి వాజ్ అన్‌వెల్ యెస్టర్‌డే." పట్టిక ప్రకారం అయితే "దట్ డే" రావాలి. కాని నిన్నటి సంగతి ఇవాళ చెబుతున్నప్పుడు "నిన్న" అనడమే సహజం, అదే సరి. ఆ సంగతినే నెల తర్వాత ఫైలులో రాస్తే "దట్ డే" అవుతుంది. అంటే మార్పును నిర్ణయించేది పట్టిక కాదు. చెప్పేవాడు నిలబడి ఉన్న చోటు, సమయం.

దీన్ని మరచినందువల్ల వచ్చే చిక్కులు చిన్నవి కావు. "రేపు ఉదయం బండికి వస్తున్నానని చెప్పు" అని సోమవారం ఒకరు కబురు పంపారనుకుందాం. ఆ కబురు మంగళవారం ఉదయం అందింది. తెచ్చినవాడు ఉన్నదున్నట్టుగా "రేపు ఉదయం వస్తారట" అన్నాడు. ఇంటివారు బుధవారం స్టేషనుకు వెళ్ళారు. ఒక్క అక్షరం మార్చకుండా చెప్పిన మాట అబద్ధమయింది. మాటను నిలబెట్టాలంటే మాటలను మార్చక తప్పదు.

ఒక మెట్టు దిగిన కాలం

తెలుగువారిని అన్నింటికంటె ఎక్కువగా తికమక పెట్టేది కాలం మార్పు. "ఐ యామ్ ఇల్" అని అతడన్నప్పుడు అది వర్తమానం కదా, "హి వాజ్ ఇల్" అని ఎందుకు చెప్పాలి?

ఇంగ్లీషు పరోక్ష కథనంలో కథకుడు తన కాలంలో నిలబడి వెనక్కు చూస్తాడు. అన్న మాట గతం కనుక ఆ మాటలోని సంగతి కూడా గతంలోకి జరుగుతుంది. "ఈజ్" స్థానంలో "వాజ్", "విల్" స్థానంలో "వుడ్", "కెన్" స్థానంలో "కుడ్", "మే" స్థానంలో "మైట్" వస్తాయి. "వెంట్" అన్నది "హాడ్ గాన్" అవుతుంది. "సేస్" అని వర్తమానంలో చెప్పేటప్పుడు ఈ మార్పులేవీ అక్కరలేదు.

అయితే ఇక్కడొక వెసులుబాటు ఉంది. సంగతి ఇప్పటికీ నిజమైతే కాలాన్ని మార్చకుండా ఉంచవచ్చు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని ఉపాధ్యాయుడు చెప్పాడన్నప్పుడు "మూవ్స్" అనే ఉంచడం దీనికి పుస్తకాలిచ్చే ఉదాహరణ. కాని ఈ వెసులుబాటు వెనుక ఒక బాధ్యత దాగి ఉంది. "హి సెడ్ హి వాజ్ ఇల్" అన్నప్పుడు కథకుడు ఎదుటివాని మాటను చేరవేశాడు, అంతే. "హి సెడ్ హి ఈజ్ ఇల్" అన్నప్పుడు, ఆ జబ్బు ఇంకా ఉన్నదని తాను కూడా అనుకుంటున్నట్టు కొంత ధ్వనిస్తుంది. ఒక మెట్టు గతంలోకి దించడమంటే, "ఇది అతని మాట, నా మాట కాదు" అని ఒక అడుగు వెనక్కు వేయడం. పాత్రికేయులకు, గుమాస్తాలకు, వకీళ్ళకు ఆ ఒక్క అడుగు ఎంతో అవసరం.

"అని" చేసే పని

తెలుగు ఈ పనిని పూర్తిగా వేరొక దారిలో చేస్తుంది. "అను" ధాతువు నుంచి పుట్టిన "అని" అనే చిన్న మాటను చివర చేర్చి, ముందున్నదంతా ఎవరో అన్న మాటేనని చెబుతుంది. తమిళంలో "ఎన్ఱు", కన్నడంలో "ఎందు", సంస్కృతంలో "ఇతి" చేసేది ఇంచుమించు ఈ పనే. ఇంగ్లీషు "దట్" మాటకు ముందు వస్తుంది. మన "అని" మాట ముగిశాక వస్తుంది. ఇంగ్లీషు ముందుగా హెచ్చరించి చెబుతుంది. తెలుగు ముందు చెప్పేసి, ఆ తర్వాత అది ఎవరిదో చెబుతుంది.

తెలుగులో కాలం మారదు. "ఒంట్లో బాగా లేదన్నాడు" అంటాం గాని "బాగా లేకుండెనన్నాడు" అనం. తెలుగు కథకుడు వెనక్కు చూడడు. మాట పుట్టిన క్షణానికే వెళ్ళి వక్త పక్కన నిలబడి అక్కడి నుంచి చెబుతాడు. అందువల్లనే తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే విద్యార్థి "హి సెడ్ దట్ హి విల్ కమ్" అని రాసి, ఎర్ర సిరా గీత ఎందుకు పడిందో తెలియక విస్తుపోతాడు.

కాని ఇంగ్లీషుకు లేని ఒక సౌకర్యం తెలుగుకు ఉంది. "రవి టోల్డ్ కృష్ణ దట్ హి హాడ్ ఫెయిల్డ్" అనే వాక్యంలో పరీక్ష తప్పినది ఎవరు? రవియా, కృష్ణా, ఇంకొకడా? వాక్యం చెప్పదు. ఇంగ్లీషులో "హి" అందరికీ సరిపోయే చొక్కా. తెలుగులో ఈ చిక్కు లేదు. "రవి తాను తప్పానని కృష్ణతో చెప్పాడు" అంటే తప్పినవాడు రవి. "నువ్వు తప్పావని చెప్పాడు" అంటే కృష్ణ. "అతడు తప్పాడని చెప్పాడు" అంటే మూడవవాడు. మొదటి వాక్యాన్ని మరొకసారి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. కర్త "తాను"; క్రియ మాత్రం "తప్పాను", ఉత్తమ పురుష. సర్వనామం కథకునిది; క్రియ వక్తది. ఒకే వాక్యంలో ఇద్దరి గొంతులు కలిసి వినిపిస్తాయి. తెలుగువారు రోజుకు పదిసార్లు ఆలోచించకుండా వాడే ఈ నిర్మాణం భాషాశాస్త్రవేత్తలకు ఆసక్తికరమైన విషయం.

అందుచేత తెలుగు నుంచి ఇంగ్లీషుకు మాటను తరలించేవారు "తాను" కనిపించిన ప్రతిచోట ఆగవలసి ఉంటుంది. "హి" అని రాసి ఊరుకుంటే చాలదు. సందేహానికి తావుంటే పేరునే తిరిగి రాయాలి, లేదా వాక్యాన్ని మరొక విధంగా కట్టాలి. శైలి కొంచెం మొరటయినా ఫరవాలేదు, తప్పినవాడు మారిపోకూడదు.

"ట" అనే ఒక్క అక్షరం

తెలుగుకు ఉన్న మరొక సాధనం ఇంకా చిన్నది. అది "ట". "వచ్చాడు" అంటే వచ్చాడని నాకు తెలుసు. "వచ్చాడట" అంటే వచ్చాడని ఎవరో అన్నారు, నేను చూడలేదు. ఎవరన్నారో చెప్పనక్కరలేదు. నిజమని పూచీ పడనక్కరలేదు. అనగనగా ఒక రాజు ఉండేవాడట అని అమ్మమ్మ కథ మొదలుపెట్టినప్పుడు ఆ "ట"తోనే తన పూచీ లేదని చెప్పేస్తుంది.

ఈ అక్షరానికి సరితూగే అక్షరం ఇంగ్లీషులో లేదు. "ఐ హర్డ్ దట్", "ఇట్ ఈజ్ సెడ్ దట్", "హి ఈజ్ సెడ్ టు హావ్ కమ్" అంటూ నాలుగైదు మాటలు పేర్చాలి. తొందరలో ఉన్నవాడు పేర్చడు. "ట" రాలిపోతుంది.

ఒక న్యాయస్థానాన్ని ఊహించుకుందాం. సాక్షి బోనులో నిలబడి, "ఆ పొద్దు వాడు చెరువు కట్ట మీద కనిపించాడట" అన్నాడు. రికార్డు ఇంగ్లీషులో సాగుతున్నది. "ఆ రోజు అతడు చెరువు కట్ట మీద కనిపించాడు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం కాగితం మీదికి ఎక్కింది. రాలిపోయినది ఒక్క అక్షరం. కాని ఊరివాళ్ళు అనుకున్న మాట ప్రత్యక్ష సాక్ష్యంగా మారిపోయింది. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలని, చూసిన సంగతిని చూసినవాడే చెప్పాలని 1872 నాటి భారత సాక్ష్య చట్టం 60వ సెక్షను నిర్దేశించింది. 2024 జూలై 1న ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినా ఈ సూత్రం మారలేదు. తెలుగువాని నాలుక మీద ఆ సూత్రం "ట" రూపంలో ఎప్పటి నుంచో ఉంది. అనువాదంలో దాన్ని జారవిడవకుండా చూడటమే పని.

నాలుగు పొరపాట్లు

తెలుగువారు ఇంగ్లీషులో పరోక్ష కథనం రాసేటప్పుడు చేసే పొరపాట్లు చాలావరకు తెలుగు అలవాట్ల నుంచే వస్తాయి. కనుక అవి సిగ్గుపడవలసినవి కావు, తెలుసుకోవలసినవి.

మొదటిది, "సే", "టెల్" అనే రెండు క్రియల మధ్య తేడా. తెలుగులో "అన్నాడు", "చెప్పాడు" రెండూ వినేవాని పేరు లేకుండా నిలుస్తాయి. ఇంగ్లీషులో "టోల్డ్" తర్వాత విన్నవాడెవరో వెంటనే రావాలి: "హి టోల్డ్ మి దట్...". "హి టోల్డ్ దట్" తప్పు. "సెడ్" అయితే విన్నవాడు లేకుండా నిలుస్తుంది: "హి సెడ్ దట్...". "హి సెడ్ మి" తప్పు.

రెండవది ప్రశ్న. "ఎక్కడికి వెళ్తున్నావు?" అని అతడు అడిగాడు. తెలుగులో ప్రశ్నను అలాగే ఉంచి "అని అడిగాడు" చేర్చితే సరిపోతుంది. ఇంగ్లీషులో ప్రశ్న పరోక్షం కాగానే ప్రశ్న కాకుండా పోతుంది. పదాల క్రమం మామూలు వాక్యానిదే. "హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్" సరి. "వేర్ వాజ్ ఐ గోయింగ్" తప్పు. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు "ఇఫ్" గాని "వెదర్" గాని రావాలి. మన "వస్తావా" అనే మాట చివరి దీర్ఘం చేసే పనిని అవి చేస్తాయి. వాటి ముందు "దట్" చేర్చడం "అని" అనే అలవాటు వల్ల వచ్చే పొరపాటు.

మూడవది ఆజ్ఞ. "రమ్మన్నాడు", "వెళ్ళమన్నాడు", "వద్దన్నాడు" అని తెలుగు ఒక్క ముక్కలో ముగిస్తుంది. ఇంగ్లీషులో "టు" చేర్చిన క్రియారూపం రావాలి: "హి టోల్డ్ మి టు కమ్". నిషేధమైతే "నాట్ టు". "డోంట్" పరోక్షంలో నిలవదు.

నాల్గవది, అక్కరలేని చోట కూడా మార్చడం. "మస్ట్", "షుడ్", "మైట్" వంటి వాటిని చాలా సందర్భాల్లో కదపనక్కరలేదు. "వెన్ ఐ వాజ్ ఎ బాయ్" వంటి మాటలు వచ్చినప్పుడు ప్రతి "వాజ్"నూ "హాడ్ బీన్" చేస్తే వాక్యం మోయలేని బరువవుతుంది. ఏది ముందు జరిగిందో తెలియకపోయే ప్రమాదం ఉన్నప్పుడే ఆ బరువు మోయడం న్యాయం.

క్రియలో దాగిన తీర్పు

వ్యాకరణం ఇక్కడితో ముగుస్తుంది. కాని అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

"నీ సంగతి నేను చూస్తాను" అని ఒకరు మరొకరితో అన్నారు. దీన్ని పరోక్షంగా చెప్పాలి. "అన్నాడు" అని చెప్పవచ్చు. "హామీ ఇచ్చాడు" అని చెప్పవచ్చు. "బెదిరించాడు" అనీ చెప్పవచ్చు. మాట ఒక్కటే. ఆ మాట అన్న గొంతు, ముఖం, సందర్భం కాగితం మీదికి రావు. వాటికి బదులుగా కథకుడు ఒక క్రియను ఎంచుకుంటాడు. ఆ ఎంపికతో అతడు చేరవేసేవాని స్థానం నుంచి తీర్పు చెప్పేవాని స్థానానికి జరుగుతాడు.

తెలుగు పత్రికల్లో ప్రతి ఉదయం ఇది కనిపిస్తుంది. ఒకే ప్రకటనను ఒక పత్రిక "వెల్లడించారు" అంటుంది, మరొకటి "ఆరోపించారు" అంటుంది, ఇంకొకటి "ఒప్పుకున్నారు" అంటుంది. "వెల్లడించారు" అంటే అది నిజమన్నట్టు. "ఆరోపించారు" అంటే ఇంకా తేలనట్టు. "ఒప్పుకున్నారు" అంటే ఏదో తప్పు ఉన్నట్టు. ఇంగ్లీషులో "రివీల్డ్", "అలెజ్‌డ్", "అడ్మిటెడ్" కూడా ఇంతే. ఏమీ తెలియనప్పుడు "సెడ్", "అన్నారు" అనే పేద మాటలే నిజాయితీ గలవి.

కథకుని కలానికి ఎంత బలముందో చెప్పే ఉదంతం ఇంగ్లండు చరిత్రలో ఒకటుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో అక్కడి పార్లమెంటు చర్చలను ప్రచురించడం నిషిద్ధం. 1740ల తొలి సంవత్సరాల్లో "జెంటిల్మన్స్ మాగజీన్" అనే పత్రిక ఆ చర్చలను లిల్లిపుట్ సెనేట్ చర్చలనే ముసుగు వేసి అచ్చు వేసింది. వాటిని రాసిన యువకుడు శామ్యూల్ జాన్సన్; తర్వాతి కాలంలో మహా నిఘంటువు నిర్మించినవాడు. ఎవరో మోసుకొచ్చిన కొద్దిపాటి వివరాల ఆధారంగా, తన గదిలో కూర్చుని ఆయన ఉపన్యాసాలు అల్లేవాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒక విందులో పెద్ద పిట్ చేసిన ఒక ఉపన్యాసాన్ని అతిథులు ఆకాశానికెత్తుతుండగా, దాన్ని తాను ఒక వీధిలోని అటక గదిలో రాశానని జాన్సన్ చెప్పాడట. జనం వాటిని నిజమైన ఉపన్యాసాలుగా నమ్ముతున్నారని తెలిసిన తర్వాత ఆయన ఆ పని మానుకున్నాడు.

ఆ తర్వాత కూడా చాలాకాలం పార్లమెంటు నివేదికల్లో సభ్యుల మాటలు తరచు ప్రథమ పురుషలో, సంక్షేపంగా కనిపించేవి. 1909 నుంచి హౌస్ ఆఫ్ కామన్స్ తన నివేదికను తానే తయారుచేయించుకోవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి సభ్యుడు "నేను" అంటే నివేదికలోనూ "నేను" అనే ఉంటుంది. 1946 డిసెంబరు 9న సమావేశమైన మన రాజ్యాంగ సభ చర్చలు కూడా ఉత్తమ పురుషలోనే మనకు దక్కాయి. అందుకే ఆ సంపుటాలు తెరిస్తే ఇవాళ కూడా మనుషుల గొంతులు వినిపిస్తాయి.

కనిపించని ప్రశ్నలు

మళ్ళీ బెంట్లీ దగ్గరికి. అతని వాంగ్మూలం మొత్తం "నేను" అనే మాటతోనే నడుస్తుంది. ప్రశ్నలేవీ వేయలేదని, అతడే ఏకధాటిగా చెప్పగా రాసుకున్నామని పోలీసులు ప్రమాణం చేశారు. అంటే అది ప్రత్యక్ష కథనమని వారి వాదన.

నాలుగు దశాబ్దాల తర్వాత మాల్కమ్ కూల్‌థార్డ్ అనే ఆంగ్ల భాషాశాస్త్రవేత్త ఆ కాగితాన్ని పరిశీలించాడు. అందులో ఉన్నవి 582 మాటలు. వాటిలో "దెన్" అనే మాట పదిసార్లు వచ్చింది. ఆయన పోల్చి చూసిన సామాన్య సాక్షుల వాంగ్మూలాల్లో ఆ మాట సుమారు 930 మాటలకు ఒకసారి వచ్చింది. పోలీసుల వాంగ్మూలాల్లో 78 మాటలకు ఒకసారి. పైగా మామూలు మనిషి "దెన్ ఐ" అంటాడు. బెంట్లీ కాగితంలో "ఐ దెన్" అని ఉంది. అది పోలీసు నోటుబుక్కు పలుకుబడి.

ఇంకొక సంగతి. ఆ వాంగ్మూలంలో "నాకు తెలియదు", "నేను చూడలేదు" వంటి వ్యతిరేక వాక్యాలు కనిపిస్తాయి. తన కథ తాను చెప్పుకునేవాడు జరిగినది చెబుతాడు. జరగనిదాన్ని పని గట్టుకుని ఎందుకు చెబుతాడు? ఎవరో అడిగితేనే చెబుతాడు. "అతడు తుపాకి వాడతాడని నీకు తెలుసా?" అని ఒకరు అడిగి, "తెలియదు" అని ఇతడంటే, ఆ రెండూ కలిసి "అతడు తుపాకి వాడతాడని నాకు తెలియదు" అనే ఒక్క వాక్యమవుతాయి. ప్రశ్న మాయమవుతుంది, ప్రశ్నలోని మాటలు నిందితుని నోట్లోకి వచ్చి చేరతాయి. తుపాకి సంగతి ఎత్తినది అడిగినవాడే అయినా, కాగితం చదివేవానికి ఆ సంగతి ముందే తెలిసినవాడు నిందితుడని అనిపిస్తుంది. రాసినవారు ఒక్క అబద్ధం కూడా చేర్చకుండానే ఇది జరగవచ్చు. ప్రశ్న, జవాబు కలిపి కథనంగా మార్చడమే చాలు.

1998 జూలై 30న లండన్‌లోని అప్పీలు న్యాయస్థానం బెంట్లీ నేరనిర్ధారణను రద్దు చేసింది. విచారణ చేసిన న్యాయమూర్తి జ్యూరీకి చెప్పిన మాటలు న్యాయంగా లేవన్నది ఆ తీర్పుకు ప్రధాన కారణం; భాషాశాస్త్రవేత్త పరిశీలన అప్పీలు వెంట నడిచిన ఆధారాలలో ఒకటి. అప్పటికి ఉరిశిక్ష అమలై నలభై అయిదేళ్ళు దాటింది.

ఈ ప్రమాదాన్ని భారతీయ న్యాయస్థానాలు ఎప్పుడో గుర్తించాయి. మరణ వాంగ్మూలం గురించి 1957లో ఖుషాల్ రావు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, సమర్థుడైన మెజిస్ట్రేటు ప్రశ్నలు, జవాబుల రూపంలో, సాధ్యమైనంతవరకు చెప్పినవాని మాటల్లోనే నమోదు చేసిన వాంగ్మూలానికి ఎక్కువ విలువ ఉంటుందని చెప్పింది. చనిపోయిన మనిషిని మళ్ళీ పిలిచి, "నువ్వన్నది ఇదేనా?" అని అడగలేము కదా. మామూలు సాక్ష్యాన్ని కథనంగా రాసుకోవడానికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వీలు కల్పించినా, కావలసిన చోట ప్రశ్న, జవాబుగా నమోదు చేసే విచక్షణను న్యాయమూర్తికి ఇచ్చింది. సాక్షి చెప్పిన భాషలోనే రాయడం, రాసినదాన్ని అతనికి చదివి వినిపించడం గురించి కూడా అందులో సెక్షన్లు ఉండేవి. చదివి వినిపించడమన్నది లాంఛనంగా కనిపించవచ్చు. కాని "అట్లా అనలేదు బాబూ, అన్నారట అన్నాను" అని సాక్షి దిద్దగలిగిన ఆఖరి అవకాశం అదే.

చెప్పేవాని ధర్మం

ఇంతకూ పరోక్ష కథనాన్ని సరిగా వాడటమెలా? పట్టిక మరచిపోయినా ఫరవాలేదు. అయిదు ప్రశ్నలు గుర్తుంటే చాలు. ఆ మాట అన్నది ఎవరు, విన్నది ఎవరు? మాటలోని "నేను", "నువ్వు", "తాను" ఎవరు? ఎప్పుడన్నాడు, ఇప్పుడు చెబుతున్నది ఎప్పుడు? అతడు చెప్పాడా, అడిగాడా, ఆజ్ఞాపించాడా? అది అతడు చూసినదా, విన్నదా? ఈ అయిదింటికీ జవాబు తెలిసినవానికి "హి", "వాజ్", "దట్ డే", "ఇఫ్", "టు" అన్నీ తమంతట తామే తమ స్థానాల్లో వచ్చి కూర్చుంటాయి. జవాబు తెలియనివాడు ఎన్ని నియమాలు వల్లించినా చెప్పవలసిన మాట చేరదు.

మాటకు రెండు అర్థాలున్నప్పుడు మాత్రం పరోక్ష కథనాన్నే పక్కన పెట్టాలి. కొటేషన్ గుర్తులు తెరిచి, అన్న మాటను అన్నట్టే ఉంచి, నిర్ణయాన్ని చదివేవారికి వదిలిపెట్టాలి. "కాల్చమన్నాడు" అనో, "అప్పగించమన్నాడు" అనో చెప్పేవాడు ఒక మనిషి ప్రాణం గురించి తీర్పు చెప్పినట్టే.

తెలుగు పల్లెల్లో పెద్దవాళ్ళు పొరుగూరి కబురు మోసుకుపోయేవానిని బయలుదేరే ముందు ఆపి, "ఏం చెబుతావో ఒకసారి చెప్పు" అని అడిగేవారు. అతడు అప్పజెప్పేవాడు. తప్పిన చోట దిద్దేవారు. అప్పుడే పంపేవారు. ఏ వ్యాకరణ గ్రంథంలోనూ లేని ఈ పాఠం అన్ని పాఠాలకంటె ముందు నేర్వవలసినది.